మేకుకు తగిలించిన ప్రోగ్రాం

"ప్రోగ్రాం తప్పు చెయ్యదండీ. మీ గేటు దగ్గర ఎవరేం చేస్తున్నారో ముందు చూసుకోండి."

ఈ మాట ఫోన్లో అన్నది నేనే. జూన్ నెల, సోమవారం, పదకొండు గంటల వేళ, తిరుపతిలో మా పాలిటెక్నిక్ కంప్యూటర్ ల్యాబులో ఫ్యాను కింద కూర్చుని అన్నాను. అవతలి మనిషి బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ఎండలో నిలబడి ఉన్నాడు. మామిడి రైతుల సంఘం తరఫున టోకెన్ నంబర్లు మైకులో పిలిచే పని ఆయనది. ఆయన చెప్పింది ఒక్కటే ముక్క.

"మేడం, పది తర్వాత పదకొండు రాలే. నూరు వచ్చింది, దాని యెనకాల నూటొకటి. రైతులు గలాటా చేస్తాండారు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను రాసిన దాన్ని ఎవరైనా వేలెత్తి చూపిస్తే అది ముక్కు మీద కూడా ఆగదు. నూరో నంబరు వాళ్ళెవరో మీకు కావలసినవాళ్ళేమో అన్నట్టు మాట్లాడి, ఆయన ఇంకేదో చెప్పబోతుంటే ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత టీ తాగాను. ఆ టీ బాగుందని కూడా గుర్తుంది, అదే నాకు సిగ్గు.

ఆ ప్రోగ్రాం అక్కడికి ఎలా వెళ్ళిందో చెప్పాలి. తిరుపతిలో మేం కొంతమందిమి ఆదివారాలు కలుస్తాం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి కాలేజీల్లో, లైబ్రరీల్లో, చివరికి తిరుచానూరులో ఒక లాడ్జి హాల్లో కూడా మాట్లాడాం. మేం చెప్పేది పెద్ద విషయమేమీ కాదు. ఒక ప్రోగ్రాం మీ పని చేస్తున్నప్పుడు, అది లోపల ఏం చేస్తోందో చూసే హక్కు మీకు ఉండాలి, నచ్చకపోతే మార్చుకునే హక్కు ఉండాలి, పక్కవాళ్ళకు ఇచ్చే హక్కు ఉండాలి. మూత తెరవనివ్వని గిన్నెలో వండిన కూర తింటారా అని నేను అడిగేదాన్ని. జనం నవ్వేవారు. నేను మంచి ఊపులో ఉండేదాన్ని.

మా గుంపుకు పెద్ద ఒకాయన ఉన్నారు. యూనివర్సిటీ లైబ్రరీలో పని చేసి రిటైరయ్యారు, నుదుట నామం లేకుండా గడప దాటరు, మాటలో ఎంత మెత్తనో పట్టులో అంత గట్టి. అందరం ఆయన్ని పెద్దసారు అంటాం. ఆయన పెట్టిన ఆచారం ఒకటి ఉంది. మేం ఎక్కడ ఏ ప్రోగ్రాం పెట్టినా, దాని కోడ్ మొత్తం కాగితాల మీద ముద్రించి, ప్రతి వరస పక్కన అది చేసే పని తెలుగులో రాసి, ఆ చోటే ఒక మేకుకు తగిలించాలి. రాసినవాళ్ళు కాక ఇంకొకరు అది చదివి, అడుగున "చూశాను" అని సంతకం పెట్టాలి. ఎవరైనా అడిగితే రాసినవాళ్ళే చదివి వినిపించాలి. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. అడగని ఆచారాన్ని పాటించడం చాలా సులువు, మేం భక్తిగా పాటించాం.

టోకెన్ల ప్రోగ్రాం నేను ఆ వేసవిలో రాశాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరి బండి ముందు, ఎవరిది వెనక అన్న గొడవ ఏటా ఉంటుంది. పలుకుబడి ఉన్నవాళ్ళ ట్రాక్టర్లు పక్కదారిలో లోపలికి పోతాయని రైతుల బాధ. అందుకని సంఘం వాళ్ళు మా దగ్గరికి వచ్చారు. వచ్చిన వరసలో నంబరు ఇవ్వడం, ఆ వరసలోనే తెర మీద చూపించడం, ఇంతే దాని పని. గేటు దగ్గర కూర్చునే ఆయనకు నేర్పించడానికి వెళ్ళినప్పుడు నేను ఒక మాట మూడుసార్లు చెప్పాను. "తెర మీద ఏ నంబరు వస్తే అదే పిలవండి. మీ సొంత తెలివి వాడొద్దు." ఆయన తల ఊపాడు. సొంత తెలివి అన్న మాటకు మొహం కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా. నేను పట్టించుకోలేదు.

మొదటి రెండు వారాలూ ఏ లోపమూ లేదు. రోజుకు నలభై లోడ్లు వచ్చేవి, నలభై దిగేవి, మర్నాడు మళ్ళీ ఒకటి నుంచి మొదలు. మూడో వారం తోటల్లో కాయ ఒక్కసారిగా కోతకొచ్చింది. చుట్టుపక్కల రెండు ఫ్యాక్టరీలు గేట్లు మూసేశాయి. ఆ ట్రాక్టర్లన్నీ ఇటు తిరిగాయి. ఆదివారం దించుకోవడం ఉండదు, ఆ ఒక్కరోజే నూట అరవై దాకా టోకెన్లు ఇచ్చి, అవి తీరేదాకా కొత్తవి ఆపేశారు. సోమవారం ఉదయం నుంచి దించుకోవడం మొదలైంది, పదకొండు గంటలకు నాకు ఫోన్ వచ్చింది. దానికి నేనేమన్నానో చెప్పాను.

మంగళవారం పొద్దున ఏడు గంటలకు మళ్ళీ ఫోన్. ఈసారి గొంతు వేరుగా ఉంది. 

"మేడం, నా చొక్కా పట్టుకున్నారు. దుడ్లు తిని నంబర్లు మారస్తాండానంట. మీరే వచ్చి సెప్పండి. లేదంటే ఈ డబ్బా ఈడనే పెట్టేసి పోతా."

పెద్దసారుకు చెప్పాను. ఆయన పది నిమిషాల్లో బస్టాండుకు వచ్చేశారు. చిత్తూరు దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఇంకొకటి. దారంతా నేను గేటు దగ్గరాయన్నే అనుమానించాను. రెండు వారాలు సరిగ్గా నడిచింది ఈ వారం ఎందుకు నడవదు, మనిషి చెయ్యి పడబట్టే అని వాదించాను. పెద్దసారు కిటికీలోంచి చూస్తూ ఒకసారి మాత్రం అడిగారు. "నూరు దాటితే ఎట్లుంటాదో చూసినావా అమ్మా?" నేను విసుక్కున్నాను. నంబరు నంబరే కదా సార్, నూరైతే ఏమి, వెయ్యైతే ఏమి అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు.

బస్సు దిగేసరికి పదకొండు దాటింది. హైవే అంచున ట్రాక్టర్ల వరస కంటికి ఆనినంత దూరం ఉంది. గాలిలో మాగిన కాయ వాసన, దాని కింద పులిసిన వాసన. గేటు పక్కన రేకుల షెడ్డు, అందులో బల్ల, లాప్‌టాప్, మైకు. గేటు దగ్గరాయన చొక్కాకు పై గుండీలు రెండు లేవు. చుట్టూ ముప్పై నలభై మంది నిలబడి ఉన్నారు. మేం వస్తున్నామని వాళ్ళకు ముందే తెలుసు. ఎవరూ దారి ఇవ్వలేదు, అలాగని ఆపనూ లేదు. మేం ఒళ్ళు ముడుచుకుని లోపలికి నడిచాం.

"పద్నాలుగు పోయింది," అన్నాడు గేటు దగ్గరాయన నాతో. "ఇప్పుడు నూట నలభై అంటాంది. నేను పిలవలేదు. పిలిస్తే సంపుతారు."

తెర మీద నిజంగానే నూట నలభై ఉంది. అయినా బుర్రలో మొదట వచ్చిన ఆలోచన, ఈయన ఏదో నొక్కి ఉంటాడు అనే.

అప్పుడు ఒకావిడ ముందుకు వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, తలకు తువ్వాలు చుట్టుకుంది, మోచేతుల దాకా మామిడి జిగురు నల్లగా అంటుకుని ఉంది. టోకెన్ చీటీ నా మొహం ముందు పెట్టింది. ఇరవై ఏడు.

"శనివారం కోసిన కాయ," అంది. "ఆదివారం తెల్లారి వచ్చి నిలబడినా. నా కండ్ల ముందర నూట ముప్పై తొమ్మిదోడు లోపలికి పోయినాడు. అడుగున కాయ నీరు కారతాండాది. ఈ పొద్దు దిగితే దిగినట్టు. లేకపోతే రేపు రోడ్డు పక్కన పారబోసేదే. నా ఏడాది కాపు అంతా ఆ ట్రాలీలోనే ఉండాది."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది, నేనూ పెంచేదాన్ని. నేను నా ఊపు తెచ్చుకుని, ఇది ఎవరికీ పక్షపాతం చూపించని ప్రోగ్రాం అనీ, లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చనీ, అదిగో కాగితాలు అక్కడే ఉన్నాయనీ చెప్పాను. షెడ్డు కర్రకు కొట్టిన మేకుకు నాలుగు పేజీలు వేలాడుతున్నాయి. పై పేజీ మీద టీ గ్లాసు మరకలు. మూల ఎవరో చింపి పళ్ళు కుట్టుకున్నట్టున్నారు.

ఆమె వెళ్ళి ఆ కాగితాలు తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. "నాకు సదువు రాదు. అంకెలు వస్తాయి. నువ్వు సదువు."

ఇన్నేళ్ళకు మొదటిసారి ఒకరు అడిగారు. నేను పెద్దసారు వైపు చూశాను. ఆయన మొహంలో సంతోషం లేదు. అప్పుడు నాకది అర్థం కాలేదు.

చదవడం మొదలుపెట్టాను. ఆమె నా పక్కనే నిలబడింది, జనం దగ్గరికి జరిగారు. వేలు వరస మీద పెట్టి, "రైతు పేరు తీసుకుంటుంది, బండి నంబరు తీసుకుంటుంది" అంటూ ఒక్కోటీ చదివాను. మొదటి పేజీ అయ్యేసరికి నాకే నచ్చింది. గొంతు స్థిరపడింది. రెండో పేజీలో ఎవరో "పనికొచ్చేదే" అన్నారు. మూడో పేజీ సగంలో నా వేలు ఆగింది.

ఆ వరస పక్కన నా దస్తూరీతోనే ఉంది. "టోకెన్‌ను అక్షరాలుగా తీసుకుని వరస పెట్టు."

సంఖ్యగా కాదు, అక్షరాలుగా. తెర మీద నంబర్లన్నీ ఒకే వెడల్పులో అందంగా కనబడాలని ఒకటిని 01 అని, రెండును 02 అని రాసేలా చేశాను. అలా రాస్తే మిషనుకు అది సంఖ్య కాదు, మాట. తొంభై తొమ్మిది దాకా ఏ తేడా తెలియదు. నూరు దాటితే తెలుస్తుంది. నేను నూరు దాకా వేసి చూడలేదు.

గేటు దగ్గరాయన చొక్కా కనిపించింది, నిన్న నేను తాగిన టీ గుర్తొచ్చింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది, దాన్ని దాచుకోను. ఈ ఒక్క వరస మార్చడానికి నాకు అర నిమిషం చాలు. లాప్‌టాప్ ముందు కూర్చుని, ఎండకు మిషను వేడెక్కిందని చెప్పి, సరిచేసి, వెళ్ళిపోవచ్చు. మా గుంపు పేరు నిలుస్తుంది, నా పరువూ ఉంటుంది. నేను ఆ వరస వదిలేసి కింది వరస చదివాను.

"ఆగు," అంది ఆవిడ.

నేను ఆగాను.

"ఆ పై వరస మీద ఏలు పెట్టినావు. నోట్లోంచి మాట రాలే. అదేంది?"

నలభై మంది నా చేతి వైపే చూస్తున్నారు. పెద్దసారు తల వంచుకుని ఉన్నారు. అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను. ఆమె కళ్ళు నా వేలి మీదే ఉన్నాయి, మొహం మీద లేవు, అందుకే చెప్పలేకపోయాను.

"తప్పు నాది," అన్నాను. "ఈయనది కాదు. ఇక్కడ నేను తప్పు రాశాను."

ఎలాగని ఆమె అడిగింది. చీటీ వెనక పెన్నుతో రాసి చూపించాను. "దీనికి నూరంటే ఎంతో తెలియదు అక్కా. ముందు మొదటి అంకె చూస్తుంది, తర్వాత రెండోది. పదిలో ఒకటి, సున్నా. నూరులో కూడా ఒకటి, సున్నా. అందుకని నూరును తెచ్చి పది పక్కన పెట్టింది. నూట పది పోయి పదకొండు పక్కన కూర్చుంది. నీ ఇరవై ఏడులో మొదటి అంకె రెండు. ఒకటితో మొదలయ్యేవన్నీ అయిపోతే గానీ నీ దగ్గరికి రాదు."

ఆమె చీటీ తీసుకుని అంకెల మీద వేలు జరిపింది. "అయితే నూటిరవై ఏడోడు నాకంటే ముందర. వాడు నా తర్వాత వచ్చినా."

"అవును."

"నిన్న ఈ గేటుకాడి అబ్బ నీకు ఫోన్ చేసినాడు గదా?"

"చేశాడు."

"నిన్ననే సూసుంటే నిన్న సాయంత్రానికి నా కాయ దిగిపోయేది. అంతే గదా?"

"అంతే," అన్నాను. అంతకంటే చిన్న మాట, అంతకంటే బరువైన మాట నేను ఎప్పుడూ అనలేదు.

అప్పుడు లేచింది గోల. ఎవరో విసిరిన మెత్తటి కాయ నా భుజానికి తగిలి పగిలింది. పెద్దసారు నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డారు, ఇంకొకటి ఆయన పంచె మీద పడింది. నన్ను చుట్టుముట్టిన వాళ్ళ మధ్యకు గేటు దగ్గరాయన మైకు పట్టుకుని వచ్చాడు. ఆయనకు నన్ను వదిలేసే హక్కు పూర్తిగా ఉంది. వదల్లేదు. "పదిహేను యాడుండాది? పదిహేను బండి ముందుకు రాండి," అని మైకులో పిలిచాడు. ఇంజను చప్పుడు వినగానే జనం అటు తిరిగారు. రెండు రోజుల్లో మొదటిసారి ఆయన తన తెలివి వాడాడు.

నేను ఆవిడ దగ్గరికి పరుగెత్తాను. ట్రాలీ పలకల సందుల్లోంచి రసం కారుతోంది, చుట్టూ ఈగలు. "అక్కా, నీ బండి ముందు పంపిద్దాం. నేను అందరినీ అడుగుతాను, కాదనరు," అన్నాను. నిజానికి ఒకరిద్దరు అప్పటికే పోనీ అంటున్నారు.

ఆమె నా వైపు తిరిగింది. "నా ముందర పన్నెండు బండ్లుండాయి. వాళ్ళ కాయా కాయే. నన్ను ముందర తోసేసి నీ తప్పు కడుక్కుందామనా?"

ఆమె పోయి ట్రాలీ నీడలో కూర్చుంది. నేను లాప్‌టాప్‌లో ఆ వరస సరిచేశాను. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ తర్వాత నాలుగు గంటలు, ఒక్కో బండి లోపలికి పోవడం చూస్తూ నిలబడ్డాను. పదిహేడో బండి తూకం దగ్గర ఆలస్యమైంది. ఇరవై రెండోదానికి టైరు గాలి దిగింది, అందరూ కలిసి తోశారు, నేనూ తోశాను. ఎండ రేకుల మీద పడి తిరిగి మా మీదే పడుతోంది. ప్రతి పది నిమిషాలకూ నేను ఆ ట్రాలీ కింది తడి ఎంత పెరిగిందో చూసేదాన్ని. ఆమె మాత్రం అటు చూడలేదు.

మూడున్నరకు ఇరవై ఏడు పిలిచారు.

ఫ్యాక్టరీ మనిషి పై కాయ చూసి తల ఊపాడు. చెయ్యి లోపలికి పెట్టి అడుగు కాయ తీశాడు. అది వేళ్ళ మధ్యనే చితికిపోయింది. పైన ఉన్నది దించుకున్నారు, అడుగున ఉన్నది తిప్పి పంపేశారు. తిప్పి పంపిందే ఎక్కువ.

హైవే పక్కన గుంట దగ్గర ట్రాలీ ఆపి, పలక దించి, ఆమె చేతులతో తోడి పారబోయడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి పక్కన నిలబడి తోడాను. పొమ్మనలేదు, రమ్మనలేదు. రసం మోచేతుల దాకా వచ్చింది. మధ్యలో బాగున్న కాయ ఒకటి దొరికితే ఆమె దాన్ని ఒకసారి తుడిచి, గుంటలోకే వేసింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడం కూడా ఆమె మీద ఇంకో బరువు పెట్టడమేనని ఆపుకున్నాను.

వెళ్ళేముందు గేటు దగ్గరాయన్ని క్షమించమని అడిగాను. ఆయన గుండీలు లేని చొక్కా సర్దుకుంటూ, "ఫోన్లో మాట ఇనుండాల్సింది మేడం," అన్నాడు.

తిరుగు బస్సులో పెద్దసారు షెడ్డు నుంచి తెచ్చుకున్న ఆ కాగితాలను సంచిలోంచి తీశారు. నాలుగో పేజీ అడుగున "చూశాను" అన్న మాట, దాని కింద ఆయన సంతకం.

"నేను చూడలేదమ్మా," అన్నారు. "నువ్వు రాసినావు గదా అని పెట్టేసినా." కాగితాలు మడుస్తూ, "బస్సులో నూరు గురించి అడిగినప్పుడు భయపడే అడిగినా. అప్పుడైనా చెప్పుండాల," అన్నారు. పంచె మీద మామిడి మరక ఎండి గట్టిపడింది. చిత్తూరు వచ్చేదాకా ఆయన దాన్ని గోరుతో గీకుతూనే ఉన్నారు. నాకు ఆయన మీద కోపం రాలేదు. కోపం తెచ్చుకునే అర్హత ఆ రోజుకు అయిపోయింది.

తర్వాతి ఏడాది సంఘం వాళ్ళు మళ్ళీ పిలుస్తారని నేను అనుకోలేదు. మే చివర్లో ఒక కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు వినగానే గుర్తుపట్టాను.

"నేను ఇరవై ఏడు," అంది. "టోకెన్లు ఇచ్చేముందర వచ్చి ఆ కాగితాలు సదువు. మేకుకు తగిలించిపోతే కుదరదు."

ఇప్పుడు ఏటా కోత మొదలయ్యే ముందు వెళ్తాను. షెడ్డులో రైతులు కూర్చుంటారు, గేటు దగ్గరాయన మైకు ఇస్తాడు, పెద్దసారు సంతకం పెట్టడానికి చివరిదాకా ఆగుతారు. ఒకటి నుంచి మూడు వందల దాకా నంబర్లు వేసి చూపించి, తర్వాత మొత్తం చదువుతాను. ఆమె ముందు వరసలో కూర్చుంటుంది. నాతో మంచీ చెడ్డా మాట్లాడదు, నన్ను క్షమించిందని కూడా నేను అనుకోను. నేను చదువుతున్నంతసేపూ నా వేలినే చూస్తూ ఉంటుంది.